ట్రంపెట్లు ‘బ్లేర్’ అయ్యాయంటే మోగినట్టా, మోత మోగించినట్టా?

సీతమ్మధార_రీడర్: ఒక పాత ఇంగ్లీషు కథ తెలుగు చేస్తున్నా. రాజు కోటలోకి వస్తుంటే ట్రంపెట్లు ‘బ్లేర్’ అవుతాయి. ‘బాకాలు మోగాయి’ అని రాశా. స్నేహితురాలేమో ‘బ్లేర్ అనే మాటలో విసుగుంది, చెవులు చిల్లులు పడేలా మోగాయి అని రాయి’ అంటోంది. ఏమంటారు?

గాజువాక_మాస్టారు: ఆవిడే కరెక్ట్. ఆ మాటకి మొదటి అర్థం గట్టిగా అరవడం, రంకె వెయ్యడం. ఇప్పుడు దేనికి వాడుతున్నారో చూడండి: లౌడ్‌స్పీకర్లు, హారన్లు, పక్కింటి టీవీ. సాయంత్రం మా జంక్షన్లో బస్సు వెనక బస్సు హారన్ కొడుతుందే, అదీ బ్లేర్ అంటే. వీణకి ఎవరూ వాడరు.

బీచ్‌రోడ్డు_వాకర్: వీణ ఇత్తడి బూర కాదు కదా మాస్టారూ! 1863లో డెన్మార్క్ రాకుమారి అలెగ్జాండ్రా పెళ్ళికూతురై లండన్ వచ్చినప్పుడు, ఆస్థానకవి టెన్నిసన్ స్వాగత గీతంలో ట్రంపెట్‌ని బ్లేర్ అవమనే అన్నాడు. కొత్త కోడలికి విసుగుతో స్వాగతం చెబుతారా?

గాజువాక_మాస్టారు: చదివేది ఇప్పటివాళ్ళండీ.

బీచ్‌రోడ్డు_వాకర్: రాసింది అప్పటివాళ్ళు.

హార్బర్_తాత: ఓడ హారన్‌కి మేం బ్లేర్ అనం, బ్లాస్ట్ అంటాం. పొట్టిదైతే సుమారు ఒక సెకను, పొడుగుదైతే 4 నుంచి 6 సెకన్లు. ఒక పొట్టి కూత వేస్తే కుడికి తిరుగుతున్నానని, రెండైతే ఎడమకని, మూడైతే ఇంజను వెనక్కి నడుస్తోందని. గబగబా అయిదు పడ్డాయంటే ‘ఏటి నీ ఉద్దేశం, నాకు అంతు పట్టట్లేదు’ అని ఎదుటి ఓడకి చెప్పడం. బ్లాస్ట్‌ని లెక్కపెట్టొచ్చు. బ్లేర్‌ని లెక్కపెట్టలేం, ఆగకుండా చెవిలో పడుతూనే ఉంటుంది. అందుకే మోత అంటే నయం. అన్నట్టు, ఈ బ్లాస్ట్‌ని పేలుడు అని తెలుగు చేసేవాళ్ళున్నారు, వాళ్ళకో దణ్ణం.

సీతమ్మధార_రీడర్: తాతగారూ, తరవాతి వాక్యంలో గుర్రాలు బెదిరాయని ఉంది.

గాజువాక_మాస్టారు: చూశారా!

బీచ్‌రోడ్డు_వాకర్: గుర్రాలు చప్పుడుకి బెదురుతాయి గానీ విసుక్కోవు. ‘బాకాలు ఒక్కసారిగా హోరుమన్నాయి’ అనండి. మోతా ఉంటుంది, దర్జా కూడా పోదు.

గాజువాక_మాస్టారు: హోరు సముద్రానిది. వైజాగులో కూర్చుని దాన్ని బాకాలకి అంటగడితే ఎలాగండీ?