టూమ్ రైడర్ రెండో భాగం నిజంగా అంత చెత్త సినిమానా?

కావలి_కబుర్లు:
అందరికీ నమస్తే. 2003లో వచ్చిన టూమ్ రైడర్ రెండో భాగం, అదే ది క్రెడిల్ ఆఫ్ లైఫ్, మీలో ఎంతమంది చూశారు, చూసినవాళ్లకి ఎట్టా అనిపించింది? ఎందుకు అడుగుతున్నానంటే మా అన్న కూతురు తొమ్మిదో తరగతి, టూమ్ రైడర్ అసలు వీడియో గేమే కదా, అందులో హీరోయిన్ లారా క్రాఫ్ట్, పాత గోరీల్లో నిధులు వెతికే అమ్మాయి, ఆ కొత్త గేములన్నీ ఆడేసి ఇప్పుడు సినిమాల మీద పడింది, దాంతో కూర్చుని ఏంజెలీనా జోలీ సినిమాలు రెండూ వరసగా చూశాను. నాకైతే రెండోదే నచ్చింది. మొదటిదాంట్లో గ్రహాలన్నీ ఒక వరసలోకి రావడం, త్రికోణం ముక్కలు, కాలాన్ని వెనక్కి తిప్పడం, సగం సినిమా అయ్యేదాకా ఏం జరుగుతుందో తల తోక తెలియదు. రెండోదాంట్లో కనీసం ఎవరు దేనికోసం పరిగెత్తుతున్నారో అర్థమవుతుంది. పండోరా పెట్టె ఒకటుంది, అందులో ఊళ్లకు ఊళ్లని తుడిచిపెట్టే రోగం ఉంది, దాన్ని అమ్ముకోవాలని ఒక సైంటిస్టు, అడ్డుపడాలని లారా. అంతే కథ. కానీ నెట్‌లో ఎక్కడ చూసినా దీన్ని తిట్టేవాళ్లే కనిపిస్తున్నారు, డబ్బులు కూడా మొదటిదానికి వచ్చినన్ని రాలేదంట. మా పాప మాత్రం "బాబాయ్, ఇది లారా కాదు, జేమ్స్ బాండ్‌కి జడేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

గేమ్ ఆడినవాళ్లు, ఆడనివాళ్లు ఇద్దరూ చెప్పండి. కథ మొత్తం బయటపెట్టినా ఫర్వాలేదు, ఇరవై ఏళ్లు దాటిన సినిమాలో ఇంకా దాచేదేముంది.

పెన్నగట్టు:
మీ పాపకే నా ఓటు. నేను డిగ్రీ చదివేటప్పుడు నెల్లూరులో ఒక నెట్ సెంటర్లో గంటకింతని డబ్బులు కట్టి ఆడినవాణ్ణి, కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నా. 1996లో వచ్చిన మొదటి గేమ్ ఆడినవాళ్లని అడగండి, వాళ్లకి తుపాకులు గుర్తుండవు. గుర్తుండేది నిశ్శబ్దం. పెద్ద గుహ, లారా అడుగుల చప్పుడు, ఎక్కడో నీళ్లు పడుతున్న శబ్దం, ఏదో ఒక మీట లాగితే దూరంగా తలుపు తెరుచుకున్న చప్పుడు, అది ఏ తలుపో వెతుక్కుంటూ మనం. పాట కూడా ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చిందంటే ఏదో జరగబోతోందని ఒళ్లు గగుర్పొడిచేది. ఒక లోయలో చీకట్లోంచి డైనోసార్ వచ్చినప్పుడు పక్క సిస్టమ్ మీద కూర్చున్నవాడు కూడా లేచి నిలబడ్డాడు.

సినిమాలో లారా ఒంటరిగా ఉండే సమయమే లేదు. ఇంటి దగ్గర బ్రైస్ కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు కడుతుంటాడు, పక్కన టెర్రీ అని జెరార్డ్ బట్లర్, వాడు వెళ్లిపోతే ఆఫ్రికాలో దారి చూపించే కోసా. ఏదైనా చిక్కు వస్తే ఎవరో ఒకరు చెప్పేస్తారు. గేమ్‌లో ఒక గుంత దాటాలంటే అంచు దాకా నడిచి, ఒక అడుగు వెనక్కి వేసి, పరిగెత్తి, సరిగ్గా చివర్లో దూకాలి, తప్పితే కింద ముళ్లు. ఆ కొలత చూసుకునే క్షణం ఉంది చూశారా, అదే అసలు ఆట. సినిమాలో ఆ క్షణం రాకముందే కెమెరా ఇంకో చోటికి పోతుంది. ఈ రెండో భాగంలో గేమ్ వాసన కొట్టేది ఒక్క చోటే, పండోరా పెట్టె ఎక్కడుందో చూపించే గోళం ఒకటుంది కదా, దాన్ని తెరవడానికి తాళంచెవి కాదు, ఒక శబ్దం కావాలి అన్నది. అది మంచి ఊహ. దాన్ని కూడా లారా బుర్రకి వదలకుండా చకచకా తేల్చేశారు.

ఇంకోటి. లారా ఇంట్లో పనిచేసే ముసలాయన పేరు సినిమాలో హిల్లరీ, గేమ్‌లో విన్‌స్టన్. రెండో గేమ్‌లో ఆ ముసలాయన ట్రే పట్టుకుని గిన్నెలు గలగలలాడించుకుంటూ మన వెనకాలే తిరుగుతుంటే, ఫ్రీజర్ గదిలోకి రప్పించి తలుపేసి పోయేవాళ్లం. ఆ పని చేయనివాడు టూమ్ రైడర్ ఆడలేదనే లెక్క. ఇంత సరదా చేతిలో ఉంచుకుని సినిమావాళ్లు దాన్ని ముట్టుకోలేదు.

మైపాడు_అల:
నాకు గేమ్ గీమ్ తెలియదు అన్నా, టీవీలో వస్తుంటే ఇంటిల్లిపాదీ చూశాం. మాది చేపలు పట్టే ఇల్లు. గ్రీస్ దగ్గర సముద్రం అడుగున గుడి కూలిపోతే ఆ అమ్మాయి ఏం చేస్తుందంటే, కత్తితో చెయ్యి కోసుకుని రక్తం కారనిస్తుంది, ఆ వాసనకి సొర వస్తుంది, దాని మూతి మీద ఒక్క గుద్దు గుద్ది, రెక్క పట్టుకుని పైకి వచ్చేస్తుంది!! సొరకి ముక్కు దగ్గర సున్నితం, కొడితే జంకుతుంది అంటారు, అంతవరకు సరే అనుకుందాం. కానీ గుద్దు తిన్న సొర బస్సులాగా ఆగి ఎక్కించుకుని పైన దింపి పోవడమేంది సామీ. మా నాయన అదంతా చూసి "ఆ పిల్లని మన బోటు మీదికి తీసుకురండిరా, వలలకి పెట్టే డబ్బు మిగులుతుంది" అన్నాడు. సొరపిట్టు తినేవాళ్లకి ఈ సీను పెట్టకూడదు, అస్సలు భయం వేయదు.

సినిమా మాత్రం బోర్ కొట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ సీను కోసమే మళ్లీ ఎప్పుడైనా వస్తే చూస్తా.

ఒంగోలు_రీలు:
ఇక్కడ అందరూ దర్శకుణ్ణి వదిలేసి మాట్లాడుతున్నారు. జాన్ డి బాంట్ అంటే ఆషామాషీ మనిషి కాదు. 1988లో డై హార్డ్‌కి కెమెరామెన్ ఆయనే, తర్వాత దర్శకుడై 1994లో స్పీడ్, 1996లో ట్విస్టర్ తీశాడు. అందుకే రెండో భాగంలో ఫైటింగులు మొదటిదాని కంటే చాలా శుభ్రంగా ఉంటాయి, ఎవరు ఎటునుంచి వస్తున్నారో తెలుస్తుంది. మట్టి సైనికుల బొమ్మల మధ్య జరిగే గొడవ, చైనా గోడ మీద బైకులు, ఇవన్నీ పక్కనపెట్టినా హాంకాంగ్‌లో ఆ ఎత్తైన టవర్ మీద నుంచి లారా, టెర్రీ రెక్కల సూట్లు వేసుకుని దూకే సీను ఒక్కటి చాలు. ఐఎఫ్‌సీ టవర్ అది, 400 మీటర్ల పైమాటే, అప్పట్లో కొత్తగా కడుతున్నారు. అక్కడ నిజంగానే స్టంటువాళ్లు దూకారు, గ్రాఫిక్స్‌తో సరిపెట్టలేదు. ఇప్పుడొచ్చే సినిమాల్లో హీరో ఆకాశంలో నుంచి పడుతున్నా మనకి పొట్టలో ఏమీ కదలదు, ఇందులో కదులుతుంది. సూళ్లూరుపేట దగ్గర ఆ పెద్ద తెర మీద ఈ సీను ఒక్కసారి వేస్తే టికెట్టు కొనుక్కుని ఒంగోలు నుంచి వచ్చేస్తా.

డబ్బుల సంగతి అడిగారు కదా. మొదటిది 11.5 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 27 కోట్లు దాటింది. రెండోది ఇంకా తక్కువలో, 9.5 కోట్లతో తీశారు, వచ్చింది 16 కోట్ల దగ్గర ఆగిపోయింది. సగం థియేటర్లకి పోతుంది, ప్రచారం ఖర్చు వేరే, కాబట్టి మిగిలిందేమీ లేదు. సినిమా కంపెనీ పారామౌంట్ వాళ్లు ఏమన్నారో తెలుసా, తప్పంతా గేమ్‌దే అన్నారు. సినిమాకి కొద్దివారాల ముందు, 2003 జూన్‌లో, ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్ అని కొత్త గేమ్ వచ్చింది, సగం ఉడికీ ఉడక్కుండా బయటకి వదిలారు, నడుస్తుంటే లారా గోడలో ఇరుక్కునేది. దాని దెబ్బకి గేమ్ తయారుచేసే పని కోర్ డిజైన్ చేతిలో నుంచి పోయి క్రిస్టల్ డైనమిక్స్ చేతికి వచ్చింది. ఆ గేమ్ బాగోలేదు, నిజమే. కానీ సినిమా హాలుకి వచ్చేవాళ్లలో ఆ గేమ్ కొన్నవాళ్లు ఎంతమంది ఉంటారు?

నా లెక్క వేరే. అమెరికాలో మొదటి సినిమాకి మొదటి మూడు రోజుల్లో 4.7 కోట్లు దాటితే రెండోదానికి 2.2 కోట్ల లోపే వచ్చింది. మొదటి మూడు రోజులు అంటే సినిమా ఎట్టా ఉందో ఇంకా ఎవరికీ తెలియని రోజులు. అంటే జనం రెండోదాన్ని చూసి కాదు, మొదటిదాన్ని గుర్తుపెట్టుకుని రాలేదు. మొదటిసారి జోలీని లారాగా చూడాలన్న ఆత్రంతో పరిగెత్తుకొచ్చి మోసపోయినవాళ్లు, రెండోసారి ఇంట్లో కూర్చున్నారు. పైగా అదే నెలలో పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్ వచ్చి జనాన్ని లాక్కుపోయింది. మంచి సినిమా తీసి చెడ్డ సినిమా అప్పు తీర్చారు పాపం.

ఉదయగిరి_మెట్లు:
రీలు గారు చెప్పిన డబ్బు లెక్క బాగుంది. "మంచి సినిమా" అనేంత ఉందా అంటే నాకు అనుమానమే. ఆఫ్రికా చేరినప్పటి నుంచి సినిమా చతికిలపడింది. జిమోన్ హౌన్సూ లాంటి నటుణ్ణి తెచ్చి దారి చూపించే పనికి పెట్టారు. అక్కడి తెగవాళ్లు గుంపుగా చచ్చిపోతారు, తర్వాత సీనులో వాళ్లని తలుచుకునే మనిషే లేడు. ఎండిపోయిన అడవిలో నీడల్లాగా వచ్చే ఆ కాపలా దయ్యాలైతే అప్పటి గ్రాఫిక్స్ అనుకున్నా సరే, చూడలేకపోయాను. విలన్ రైస్ నోబెల్ వచ్చిన సైంటిస్టు, రోగాలు అమ్ముకునేవాడు, సియరన్ హైండ్స్ చేశాడు కాబట్టి కాసేపు నమ్మాం, కానీ వాడికి చివర్లో నల్లటి యాసిడ్ గుంటలో పడి చావడం తప్ప పనేమీ లేదు.

కానీ ఆ చివర ఒక సంగతి ఉంది, ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. మొదటి సినిమా అంతా నాన్న. నాన్న రాసిన ఉత్తరం, నాన్న జ్ఞాపకం, నాన్నని వెనక్కి తెచ్చుకోవాలన్న ఆశ (ఆ నాన్న పాత్ర వేసింది కూడా జోలీ సొంత తండ్రి జాన్ వోయిట్). రెండోదాంట్లో తండ్రి లేడు, కళ్లముందు టెర్రీ ఉన్నాడు, ఒకప్పుడు ఇష్టపడినవాడు. వాణ్ణి కజకిస్తాన్ జైలు నుంచి బయటకి తెచ్చిందీ తనే. విలన్ చచ్చాక టెర్రీ ఆ పెట్టె తీసుకుపోయి అమ్ముకుందాం అంటాడు, లారా వద్దంటుంది, వాడు వినడు, కాల్చేస్తుంది. మన సినిమాల్లో అయితే హీరోయిన్ కన్నీళ్లు పెట్టుకోగానే వాడు మారిపోయి పెట్టె పక్కన పెట్టేస్తాడు, లేకపోతే ఎవరో మూడోవాడు వచ్చి కాలుస్తాడు, ఆమె చేతికి మచ్చ అంటదు. ఇక్కడ ఆమే నిర్ణయించుకుంది, ఆమే కాల్చింది, ఏడ్చింది, పెట్టెని ఉన్నచోటే వదిలేసి వచ్చేసింది. 2003లో ఆడమనిషి హీరోగా ఉన్న సినిమాకి అట్టాంటి ముగింపు పెట్టడానికి గుండె కావాలి.

నాకు అది తగలడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా వైపు కొండల్లో, పాత గుళ్లలో గుప్తనిధులు అని రాత్రిపూట తవ్వేవాళ్ల గోల ఎప్పటినుంచో ఉంది. కోట గోడలు పెకలించి, గుళ్లో రాయి కింద ఏదో ఉందని పగలగొట్టి పోతారు, ఆ తర్వాత పేపర్లో చిన్న వార్త. అదంతా చూసి పెరిగినదాన్ని కాబట్టి లారా మొదటి నుంచీ నాకు పెద్ద హీరోలాగా కనపడలేదు, గోరీలు తవ్వే డబ్బున్న అమ్మాయి అంతే. దొరికిన వస్తువుని తీసుకోకుండా తిరిగి వచ్చింది చూశారా, అప్పుడు నచ్చింది.

పెన్నగట్టు:
మెట్లు గారూ, ఆ ముగింపు బాగుందని నేనూ ఒప్పుకుంటా. కానీ అది లారా క్రాఫ్ట్ సినిమా ముగింపా, ఏదో ఒక గూఢచారి సినిమా ముగింపా? పేరు మార్చి ఇంకెవరినైనా పెట్టినా ఆ కథ నడుస్తుంది, నా బాధ అదే. బ్రిటిష్ గూఢచారి సంస్థ వచ్చి పని అప్పజెప్పడం ఏంది, లారా ఎవరికీ జీతానికి పనిచేసే మనిషి కాదు.

ఉదయగిరి_మెట్లు:
నడిస్తే నడవనీండి అన్నా. గేమ్ ఆడనివాళ్లం కూడా టికెట్టు కొన్నాం కదా, మాకు కథ కావాలి. మీకు మీటలు లాగడం కావాలంటే ఇంట్లో లాగుకోండి :)

ఒంగోలు_రీలు:
హహ. మెట్లు గారితో పెట్టుకోకు పెన్నా.

గేమ్ సినిమాలకి రెండో భాగం ఎప్పుడూ గండమే అనేవాళ్లం, 1997లో మోర్టల్ కాంబాట్ రెండోది వచ్చి మొదటిదాని పరువు కూడా తీసింది. ఇప్పుడు ఆ లెక్క మారింది, 2022లో సోనిక్ రెండోది మొదటిదాని కంటే ఎక్కువ తెచ్చింది, 40 కోట్ల డాలర్లు దాటింది. జోలీ సినిమా పది పదిహేనేళ్లు ఆలస్యంగా వచ్చుంటే దాని గతి వేరేగా ఉండేదేమో.

కావలి_కబుర్లు:
అందరికీ థాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. మెట్లు గారు చెప్పింది పాపకి చదివి వినిపించా, "టెర్రీని కాల్చింది కరెక్టే, కానీ ఇంకా ముందే కాల్చాల్సింది" అంటోంది, దీంతో ఎట్టా వేగాలో. 2018లో వచ్చిన కొత్త టూమ్ రైడర్ చూపించమంటారా? పెన్నా అన్నకి అది నచ్చుతుందా?

పెన్నగట్టు:
చూపించండి. అలీషియా వికాండర్ చేసింది, 2013 గేమ్ మీద ఆధారపడి తీశారు, అందులో లారా ఆకలితో, గాయాలతో, దీవిలో ఒంటరిగా పాట్లు పడుతుంది, గేమ్‌కి అదే దగ్గర. తమాషా ఏందంటే అది కూడా 27 కోట్ల దగ్గరే ఆగింది, దానికి రెండో భాగమే రాలేదు.

మైపాడు_అల:
అందులో సొర ఉందా?

పెన్నగట్టు:
లేదు.

మైపాడు_అల:
అయితే నాకొద్దు.

పెన్నగట్టు:
కబుర్లు గారూ, ఇంకోమాట. పాపకి సినిమాల కంటే పాత గేములు ఇప్పించండి. మొదటి మూడూ కలిపి 2024లో గ్రాఫిక్స్ శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు, ఫ్రీజర్ గది కూడా అట్టాగే ఉంది. అందులో కంట్రోల్స్ రెండు రకాలు ఉంటాయి, పాతవే పెట్టుకోమనండి. మొదట్లో చేతులు తిరగవు, విసుక్కుంటుంది, అయినా సరే. కొత్తవి పెట్టుకుంటే దూకేటప్పుడు దూరం లెక్క కుదరదు.