ఏడాదిన్నర పాపతో మాల్దీవుల రిసార్టులో బస: అనుభవజ్ఞుల సలహా కావాలి

నమస్కారం. వచ్చే ఫిబ్రవరిలో, వానలు తగ్గి సముద్రం నెమ్మదించి ఉండే కాలంలో, ఏడాదిన్నర వయసున్న మా పాపతోనూ మా అత్తగారితోనూ కలిసి మాల్దీవుల్లోని బా అటోల్‌లో, దీవి మొత్తం ఒకే రిసార్టుగా ఉన్న చోట కొన్ని రోజులు ఉండాలనుకుంటున్నాము. ఆ పగడపు దీవుల సముదాయాన్ని యునెస్కో 2011లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. అక్కడి ఏకాంతం కోసమే వెళ్తున్నాము గానీ, పసిపిల్లతో అంత దూరం అంటే బెంగగానే ఉంది.

రాజధాని మాలే నుంచి ఆ దీవికి తీసుకువెళ్లే సీప్లేన్లు (నీటి మీద దిగే చిన్న విమానాలు) పగటి వెలుతురులోనే ఎగురుతాయి కనుక, హైదరాబాదు నుంచి సాయంత్రానికి మాలే చేరితే ఆ రాత్రి అక్కడే ఆగవలసి వస్తుంది. విమానం హోరు నుంచి పిల్లల చెవులను ఎలా కాపాడారు? అన్నిటికన్నా నన్ను వేధిస్తున్నది జ్వరం సంగతి: అర్ధరాత్రి పాపకు ఒళ్లు కాలిపోతే, రిసార్టులోని వైద్యుడు పసిపిల్లలను చూడగలరా, లేక పడవలో మరో దీవికి తీసుకువెళ్లాలా? నీటిపై కట్టిన విల్లాలు ఎంత అందంగా ఉన్నా, కటకటాలు లేని చెక్క అరుగు మీద పరుగెత్తే పిల్లను క్షణక్షణం కనిపెట్టుకుని ఉండటం సాధ్యం కాదని నా అభిప్రాయం. అందుకే ఇసుక తీరాన ఉండే విల్లానే చూస్తున్నాము. అక్కడి సొంత ఈతకొలనుకు తాత్కాలికంగా కంచె వేసి ఇస్తారా? మెత్తని పప్పన్నం అడిగితే వండిపెడతారా? చిన్నపిల్లలతో వెళ్లివచ్చిన వారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.