యూరిన్ అర్జంటుగా వస్తోంది, బాత్రూమ్ చేరేలోపే పడిపోతోంది. ఇది ఇన్‌ఫెక్షనేనా?

టీచరమ్మ_నల్గొండ:

అందరికీ నమస్తే. ఇంట్లో కూడా పూర్తిగా చెప్పుకోలేని విషయం, ఇక్కడ పేరు తెలియదు కాబట్టి రాస్తున్నా. నాకు 47. గవర్నమెంట్ స్కూల్లో టీచర్‌ని, రోజూ బస్సులో పోయి రావాలి. ఏడాది పైనుంచి ఒకటే బాధ. మామూలుగానే కూర్చుని ఉంటా, ఒక్కసారిగా వచ్చేస్తుంది, ఇక ఆగదు. ఇంటికొచ్చి తాళం తీసేటప్పుడైతే మరీ, తలుపు తెరిచేలోపే కొంచెం పడిపోతుంది. గిన్నెలు తోముతూ కుళాయి చప్పుడు విన్నా అంతే. రాత్రి కూడా నిద్రలోంచి లేవాల్సి వస్తోంది. దగ్గినా తుమ్మినా మాత్రం ఏమీ కాదు. మంట లేదు, జ్వరం లేదు.

మా ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి పోతే ప్రతిసారీ యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాస్తున్నాడు. టౌన్‌లో కల్చర్ టెస్టు (మూత్రంలో క్రిములున్నాయేమో చూసేది) చేయిస్తే ఏమీ లేదనే వచ్చింది. అమ్మేమో వేడి చేసింది, సబ్జా తాగు అంటది. నేను స్కూలుకి పోయే రోజు పొద్దున్నుంచి నీళ్ళు తాగడమే మానేశా, టీ ఒక్కటే. మా స్టాఫ్‌లో ఒకామె గర్భసంచి తీయించుకుంటే పోతుంది అంటోంది, నిజమేనా? షుగర్ ఉంది, బీపీ కొద్దిగా ఉంది, రెండింటికీ మందులు వాడుతున్నా.

సూరిబాబు_కాకినాడ:

బార్లీ నీళ్ళు పొద్దున సాయంత్రం తాగండమ్మా, బయటికి వెళ్ళేటప్పుడు నీళ్ళు తగ్గించండి. మా ఇంట్లో అలాగే తగ్గింది.

కృష్ణలంక_పిన్ని:

బాబూ, బార్లీ నీళ్ళు తాగితే ఇంకో రెండుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తడమే తప్ప దీనికి పనికిరాదు. మంటగా ఉన్నప్పుడు తాగే వైద్యం అది.

టీచరమ్మా, నువ్వు రాసింది చదువుతుంటే నా సంగతే ఎవరో రాసినట్టుంది. నాకు యూరాలజిస్టు చెప్పిన పేరు ఓవర్ యాక్టివ్ బ్లాడర్. మూత్రసంచి సగం కూడా నిండకముందే దాని గోడలోని కండరం తనంతట తానే బిగుసుకుంటుందట, అందుకే అంత అర్జంటు. తాళం తీసేటప్పుడు, నీళ్ళ చప్పుడు విన్నప్పుడు రావడం దీని గుర్తే. దగ్గితే, తుమ్మితే, బరువెత్తితే పడేది వేరే రకం, దాన్ని స్ట్రెస్ లీక్ అంటారు, దానికి వైద్యం కూడా వేరు. కొందరికి రెండూ కలిసి ఉంటాయి. నీకు దగ్గితే ఏమీ కాదన్నావు కదా, డాక్టరుకి ఆ మాట మర్చిపోకుండా చెప్పు, సగం దారి అక్కడే తెలిసిపోతుంది.

నీళ్ళు మానడం ఆపెయ్ ముందు. నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి సంచి లోపల ఇంకా గుచ్చుతుంది, అర్జంటు పెరుగుతుంది, పైగా మలబద్ధకం. పేగు గట్టిగా నిండి పక్కనే ఉన్న సంచిని నొక్కితే అదో తలనొప్పి. రోజంతా కొంచెం కొంచెంగా తాగు, పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించు. తగ్గించాల్సింది టీ, కాఫీ. నాకు సాయంత్రం టీ మానేస్తే రాత్రి లేవడం బాగా తగ్గింది, మా ఆయనకి మాత్రం ఇప్పటికీ ఒంటరిగా టీ తాగడం నచ్చదు, అది వేరే సంగతి.

ఇక గర్భసంచి. దానికీ దీనికీ సంబంధం లేదు, తీయించుకుంటే ఈ అర్జంటు పోదు. గర్భసంచి కిందికి జారితే మాత్రం మూత్రానికి ఇబ్బంది రావచ్చు, అది గైనిక్ డాక్టరు పరీక్ష చేసి చెప్పాలి. మన దగ్గర ప్రతి ఆడదాని ప్రతి నొప్పికీ గర్భసంచి తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు, వాళ్ళ మాట వినకు తల్లీ.

ఫిజియో_హనుమకొండ:

పెల్విక్ ఫ్లోర్ (మూత్రసంచిని కిందనుంచి మోసే కండరాలు) కేసులు చూసే ఫిజియోథెరపిస్టుని. పైన చెప్పింది బాగుంది, మీరు చేయాల్సిన పని నేను చెప్తా.

ముందు 3 రోజులు డైరీ రాయండి. ఎన్నింటికి ఏం తాగారు, ఎన్నింటికి వెళ్ళారు, ఎంత వచ్చింది (ఎంఎల్ గీతలున్న పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి బాత్రూమ్‌లో పెట్టుకోండి), అర్జంటు ఉందా, లీక్ అయిందా. ఒకటి స్కూల్ రోజు, ఒకటి సెలవు రోజు ఉండేలా చూసుకోండి. పెద్దవాళ్ళకి మూత్రసంచి మామూలుగా 300 నుంచి 500 ఎంఎల్ దాకా పడుతుంది. ప్రతిసారీ 100, 150 మాత్రమే వస్తుంటే సంచి తొందరపడుతోందని అర్థం. మాటిమాటికీ వెళ్తున్నా ప్రతిసారీ 400 వస్తుంటే కథ వేరే, ఒంట్లో మూత్రమే ఎక్కువ తయారవుతోంది, షుగర్ చూసుకోవాలి.

తర్వాత సంచికి అలవాటు మార్పించడం. మీరు ఇప్పుడు గంటకోసారి వెళ్తుంటే ఈ వారం గంటంపావుకి వెళ్ళండి, అది కుదిరాక ఇంకో 15 నిమిషాలు జరపండి. అలా పోతూ మూడు గంటల దాకా చేరితే చాలు. కనీసం 6 వారాలు పడుతుంది. బస్సు ఎక్కే ముందు ఎందుకైనా మంచిదని రాకపోయినా వెళ్ళే అలవాటు ఉంటుంది చూడండి, బడిపిల్లల తల్లులందరికీ ఉంటుంది, అది తగ్గించాలి, లేకపోతే సంచి కొంచెం నిండగానే గోల చేయడం నేర్చుకుంటుంది.

అర్జంటు వచ్చినప్పుడు పరిగెత్తొద్దు. పరుగులోనే ఎక్కువమందికి పడిపోతుంది. ఉన్నచోటే ఆగండి, కుర్చీ ఉంటే కూర్చోండి, కింది కండరాన్ని గబగబా ఐదారుసార్లు బిగించి వదలండి, మనసు వేరే దానిమీద పెట్టండి, ఎక్కాలు చెప్పుకున్నా సరే. ఆ అల తగ్గిపోతుంది, తగ్గాక నడిచి వెళ్ళండి.

ఆ కండరం ఏదంటే, నలుగురిలో గ్యాస్ రాకుండా ఆపుకునేటప్పుడు ఏది బిగిస్తారో అదే. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. 8 సార్లు బిగించడం, ప్రతిసారీ బిగించినంతసేపూ వదిలి ఉంచడం, రోజుకి మూడు పూటలు, కనీసం 3 నెలలు. వారం చేసి ఏమీ కాలేదని మానేస్తారు, అక్కడే వస్తుంది తంటా. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయమని వీడియోల్లో చెప్తుంటారు, అలా చేయకండి. కింద నొప్పిగా, బిగుసుకుపోయినట్టు ఉండేవాళ్ళు మాత్రం ఎవరికైనా చూపించుకోకుండా ఇది మొదలుపెట్టొద్దు.

మందులషాపు_అబ్బాయి:

మేడమ్, మీరు వాడే షుగర్ టాబ్లెట్, బీపీ టాబ్లెట్ పేర్లేంటి? ఎప్పుడు మార్చారు?

టీచరమ్మ_నల్గొండ:

పిన్నీ, చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. థాంక్యూ.

తమ్ముడూ, మెట్‌ఫార్మిన్ ఎప్పటినుంచో ఉంది. ఈమధ్య డాపాగ్లిఫ్లోజిన్ కూడా కలిపారు. అది వేశాకే ఇంకా ఎక్కువైందేమో అని ఇప్పుడు అనిపిస్తోంది, కానీ అంతకుముందు కూడా ఉండేది. బీపీకి టెల్మీసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినది, రాత్రి భోజనం అయ్యాక వేసుకుంటా. కింద దురద కూడా ఉంటోంది, అది వేరే సంగతి అనుకుని రాయలేదు.

మందులషాపు_అబ్బాయి:

అనుకున్నా. డాపా పనే ఒంట్లో ఎక్కువున్న చక్కెరని మూత్రంలోకి తోసేయడం, చక్కెరతోపాటు నీళ్ళూ పోతాయి. ఆడవాళ్ళలో కింద ఫంగస్ రావడం కూడా దానితో మామూలే, మీ దురద అదే కావచ్చు. యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ వేస్తే ఆ ఫంగస్ ఇంకా పెరుగుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు, అది రాత్రి వేసుకుంటే రాత్రే లేవాలి మరి. కానీ ఏదీ మీ అంతట మీరు ఆపకండి. గుండెకి, కిడ్నీకి మంచిదని కూడా డాపా రాస్తారు, కాబట్టి రాసిన డాక్టరుకే మూత్రం ఎక్కువవడం, దురద రెండూ చెప్పి, బీపీది పొద్దునకి మార్చొచ్చా అని అడగండి.

డాక్టర్_యూరో_తిరుపతి:

ఆలస్యంగా చూశాను. చూడకుండా వైద్యం చెప్పలేను గానీ, ఏం చేయించుకోవాలో చెప్తా. యూరిన్ రొటీన్, కల్చర్ మరోసారి, మూడు నెలల షుగర్ సగటు, పొట్ట స్కానింగ్. స్కానింగ్‌లో మూత్రం పోసి వచ్చాక మళ్ళీ చూసి ఎంత మిగిలిందో రాయమని అడగండి, చాలాచోట్ల అడిగితేనే రాస్తారు. షుగర్ పాతబడ్డవాళ్ళలో సంచి సరిగా ఖాళీ కాక, మిగిలింది పొంగినట్టు లీక్ అవడం కూడా ఉంటుంది, అలాంటివాళ్ళకి ఓవర్ యాక్టివ్ బ్లాడర్ మందు ఇస్తే మూత్రం మొత్తం ఆగిపోయే ప్రమాదం ఉంది.

మందుల్లో రెండు రకాలు. సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్ లాంటివి ఒక రకం. నోరు ఎండిపోవడం, మలబద్ధకం వస్తాయి, కొన్ని రకాల గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళకి పనికిరావు, వయసు మళ్ళినవాళ్ళలో మతిమరుపు పెంచవచ్చు కాబట్టి 70 దాటిన అమ్మలకి అవి రాయడానికి నేను వెనకాడతాను. రెండోది మిరాబెగ్రాన్. నోరు అంతగా ఎండదు, కానీ బీపీ పెంచవచ్చు, కాబట్టి మీ బీపీ అదుపులో ఉండాలి. ఏది వాడినా ఫలితం తెలియడానికి 4 నుంచి 8 వారాలు. నెలసరి ఆగినవాళ్ళకైతే లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ కూడా సాయపడుతుంది.

ఇవేవీ పనిచేయకపోతే చీలమండ దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చే వైద్యం ఉంది, వారానికి ఒకసారి అరగంట, 12 వారాలు. సంచి గోడలోకి బోటాక్స్ ఇంజెక్షను ఉంది, ఆరు నెలలు అటూఇటూగా పనిచేస్తుంది, కానీ కొందరికి కొన్నాళ్ళు గొట్టంతో మూత్రం తీసుకోవాల్సి వస్తుంది. అది ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

మూత్రంలో రక్తం కనిపించినా, కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం అసలు రాకపోయినా వారాలు ఆగకుండా అదే రోజు చూపించుకోండి.

టీచరమ్మ_నల్గొండ:

శనివారం షుగర్ డాక్టరు దగ్గరికి పోతున్నా, మగ్గు ఇవాళే కొన్నా. ఫిజియో గారూ, క్లాసులో నిలబడి పాఠం చెప్తూ ఆ ఎక్సర్‌సైజు చేయొచ్చా?

ఫిజియో_హనుమకొండ:

చేయొచ్చు. మొదటి రెండు వారాలు పడుకుని నేర్చుకోండి, తర్వాత కూర్చుని, ఆ తర్వాత నిలబడి. బోర్డు మీద రాసేటప్పుడు చేస్తే ఎవరికీ తెలియదు.