స్పీకర్ కొలతలకి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాద్దామనుకుంటున్నా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మియాపూర్ కోడర్:

అందరికీ నమస్తే. పగలు ఆఫీసులో బ్యాకెండ్ కోడ్, రాత్రి స్పీకర్ల పిచ్చి, ఇదీ మన సంగతి. కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చిన ఆరున్నర అంగుళాల వూఫర్ (కింది స్వరాలకి), ఒక సిల్క్ డోమ్ ట్వీటర్ (పై స్వరాలకి) పెట్టి టూ-వే బాక్సులు కట్టాను. పాట బాగానే వస్తోంది గానీ ఆడ గొంతు పైకి వెళ్లినప్పుడల్లా మధ్యలో ఎవరో తెర కట్టినట్టుంటోంది. క్రాసోవర్ (పాటని వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) దగ్గరే తేడా అని అనుమానం.

సరే కొలుద్దాం అని చూస్తే అందరూ చెప్పేవి ఆర్ఈడబ్ల్యూ (కొలతల సాఫ్ట్‌వేర్), విటుయిక్స్‌క్యాడ్ (క్రాసోవర్ డిజైన్ సాఫ్ట్‌వేర్). రెండూ ఉచితమే, రెండూ మంచివే, కాదనను. కానీ సోర్స్ కోడ్ బయట లేదు, రెండోది విండోస్‌కే, నాదేమో లైనక్స్. వైన్ (విండోస్ సాఫ్ట్‌వేర్‌ని లైనక్స్‌లో నడిపేది) పెట్టి నడిపించొచ్చంటారు, అది వేరే సంగతి. లోపల లెక్క ఎలా చేస్తోందో చూడాలన్నా, ఒక ఫీచర్ నాకు నేను కలుపుకోవాలన్నా దారి లేదు. అందుకే స్వీప్ (జారుతూ పోయే టోన్) కొలత, క్రాసోవర్ డిజైన్, బాక్స్ లెక్కలు, హార్న్ (బూర ఆకారపు స్పీకర్) సిమ్యులేషన్ అన్నీ ఒకే చోట ఉండేలా జీపీఎల్ (కోడ్ తెరిచే ఉంచాలనే లైసెన్స్) కింద ఒకటి రాద్దామని ఉంది. పైథాన్‌లో మొదలుపెట్టి, నెమ్మదైన చోట రస్ట్ (వేగంగా నడిచే భాష).

ఇది చెయ్యదగ్గ పనేనా, లేక రెండు నెలలకి గిట్‌హబ్‌లో పడుండే ఇంకో రిపాజిటరీ అవుతుందా? ముందు ఏ భాగం రాయాలి? యూఎస్‌బీ మైక్ సరిపోతుందా? ఉండేది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, అనెకోయిక్ చాంబర్ (ప్రతిధ్వని లేని గది) అనేది మన కలలో కూడా రాదు.

48 వోల్ట్ హిమాయత్:

తమ్ముడూ, ముందు ఆ జాబితాలోంచి హార్న్ సిమ్యులేషన్ కొట్టెయ్. పనికిరానిదని కాదు, దానికి కావాల్సిన ఓపెన్ సోర్స్ సరుకు ఇప్పటికే ఉంది, మెష్‌కి (ఆకారాన్ని చిన్న ముక్కలు చెయ్యడానికి) జీమెష్, బౌండరీ ఎలిమెంట్ లెక్కకి (ఆ ముక్కల మీద శబ్దం లెక్క) బెంప్. రూమ్ కరెక్షన్ ఫిల్టర్లకి డీఆర్‌సీ, వాటిని నడిపించడానికి కామిల్లా డీఎస్‌పీ, లైవ్ సౌండ్ వాళ్లకి ఓపెన్ సౌండ్ మీటర్, ఇవి కూడా ఉన్నవే. ఖాళీ ఉన్నది మధ్యలో. డ్రైవర్‌ని బాక్సులో పెట్టి, వేర్వేరు కోణాల్లో కొలిచి, ఆ డేటాని ఫేజ్ (తరంగం టైమింగ్) చెడకుండా క్రాసోవర్ దాకా చేర్చే భాగం. అది ఒక్కటి నమ్మకంగా చేస్తే జనం వస్తారు. అన్నీ ఒకే చోట అంటే ఏదీ పూర్తికాదు.

కొలత లెక్క నిజానికి చిన్నదే. 2000లో ఏంజెలో ఫరీనా పారిస్ ఏఈఎస్ (ఆడియో ఇంజనీర్ల సంఘం) కన్వెన్షన్‌లో చెప్పిన ఎక్స్‌పొనెన్షియల్ స్వీప్ పద్ధతే ఇవాళ దాదాపు అందరూ వాడేది. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా జారుతూ పోయే టోన్ వాయించి, రికార్డ్ చేసి, డీకన్వల్యూషన్ చేస్తే (రికార్డింగ్‌లోంచి స్వీప్‌ని లెక్కతో విడదీస్తే) ఇంపల్స్ రెస్పాన్స్ (ఒక్క టిక్కు శబ్దానికి స్పీకర్ ఇచ్చే జవాబు) చేతికొస్తుంది. ఇందులో అందం ఏంటంటే డిస్టార్షన్ వల్ల పుట్టిన హార్మోనిక్స్ (టోన్‌కి రెండింతలు, మూడింతల ఫ్రీక్వెన్సీలో వచ్చేవి) అసలు ఇంపల్స్ కంటే ముందు, విడివిడిగా పడతాయి, కత్తిరించుకుని రెండోది ఎంత, మూడోది ఎంత అని చూసుకోవచ్చు. నంపై, సైపై (పైథాన్ లెక్కల లైబ్రరీలు) వచ్చినవాడికి ఇది ఒక వారాంతం పని. ఆ గ్రాఫ్ చూసి సగం సాఫ్ట్‌వేర్ అయిపోయిందనుకుంటారు, అసలు తలనొప్పి సౌండ్ కార్డ్ దగ్గర మొదలవుతుంది.

యూఎస్‌బీ మైక్ గురించి అడిగావు. మైక్‌లో ఒక క్లాక్, ప్లేబ్యాక్ చేసే డీఏసీలో (డిజిటల్‌ని శబ్ద సిగ్నల్‌గా మార్చే చిప్) ఇంకో క్లాక్, రెండూ ఒకటి కావు. స్వీప్ కొంచెం సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది, పైగా శబ్దం ఏ క్షణాన బయల్దేరిందో తెలియదు. గదిలో రెస్పాన్స్ చూసుకోవడానికి ఫర్వాలేదు. క్రాసోవర్‌కి మాత్రం వూఫర్‌కీ ట్వీటర్‌కీ మధ్య టైమింగ్ కావాలి, 2 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 17 సెంటీమీటర్లే కదా, రెండు సెంటీమీటర్ల తేడా వచ్చినా ఫేజ్ 40 డిగ్రీలు పక్కకి పోతుంది. ఆర్ఈడబ్ల్యూ దీనికి ఇంకో స్పీకర్‌లోంచి చిన్న చిర్ప్ వాయించి దాన్నే రిఫరెన్స్‌గా తీసుకుంటుంది, తెలివైన ఉపాయమే. కానీ నువ్వు కొత్తగా రాస్తున్నావు గాబట్టి రెండు ఇన్‌పుట్లు, ఫాంటమ్ పవర్ (మైక్‌కి కేబుల్ గుండా వెళ్లే కరెంటు) ఉన్న ఇంటర్‌ఫేస్ (బయటి సౌండ్ కార్డ్), మామూలు ఎక్స్ఎల్ఆర్ మైక్ తీసుకో. ఒక ఇన్‌పుట్‌కి మైక్, రెండోదానికి అవుట్‌పుట్ నుంచే వెనక్కి వైరు. ఆ లూప్‌బ్యాక్ ఉంటే డ్రైవర్ లేటెన్సీ, బఫర్ సైజ్, ఈ గోలంతా లెక్కలోంచి కొట్టుకుపోతుంది.

ఫ్లాట్ గురించి బెంగ వద్దు. పది అడుగుల సీలింగ్ అనుకో. స్పీకర్, మైక్ రెండూ నేలకి మీటరు ఎత్తులో, మధ్యలో మీటరు దూరం పెడితే నేల మీంచి తిరిగొచ్చే శబ్దం 3.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అది రాకముందే రికార్డింగ్‌ని అక్కడ కత్తిరిస్తే సుమారు 280 హెర్ట్జ్ కింద నీ గ్రాఫ్‌కి విలువ లేదు. అదే స్టూల్ మీద స్టూల్ వేసి రెండింటినీ గదికి నట్టనడుమ, మీటరున్నర ఎత్తుకి లేపు, 6.3 మిల్లీసెకన్లు దొరుకుతాయి, 160 హెర్ట్జ్ దాకా దిగొచ్చు. గోడలు కూడా అంత దూరం ఉండాలి మరి. అంతకంటే కింది ఫ్రీక్వెన్సీలకి డాన్ కీల్ 1974లో రాసిన నియర్‌ఫీల్డ్ పద్ధతి, మైక్‌ని కోన్‌కి దాదాపు ఆనించి కొలిచి, బ్యాఫిల్ స్టెప్ (బాక్సు ముందు పలక వెడల్పు వల్ల కింది స్వరాలు తగ్గడం) సరిచేసి రెండు గ్రాఫులూ కలపడం. ఈ కలిపే పనిని చక్కగా చేసే ఓపెన్ సోర్స్ టూల్ ఉంటే నేను మొదటి రోజే వాడతా. డాబా మీదకి తీసుకెళ్తే ఇంకా మంచిది, తెల్లవారుజామున గాలి లేనప్పుడు. వాచ్‌మన్‌కి మాత్రం ముందే చెప్పు, ఆ టైంలో స్వీప్ వింటే అంబులెన్స్ అనుకుని పైకొస్తాడు.

కొలిచేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, మే నెలైనా సరే. స్వీప్ నిడివి రెట్టింపు చేస్తే నాయిస్ మీద 3 డెసిబెల్స్ లాభం వస్తుంది, కానీ మధ్యలో పక్కింటి కుక్కర్ విజిల్ పడిందా, ఆ కొలత చెత్తబుట్టకే. అలాంటిది పడితే సాఫ్ట్‌వేరే పసిగట్టి మళ్లీ తియ్యమని చెప్పాలి, ఇది కూడా రాసుకో.

బాక్సుల మేస్త్రీ:

నమస్తే అన్నా. నేను కోడింగ్ వాణ్ణి కాదు, సికింద్రాబాద్ సైడు బాక్సులు చేస్తా. వినాయక చవితి సీజన్ వస్తే మాకు నిద్ర ఉండదు. మీరిద్దరూ మాట్లాడేది సగం అర్థమైంది, కానీ నా పరేషాన్ వేరే. మార్కెట్లో దొరికే 15 అంగుళాల డ్రైవర్ మీద పేరు ఒకటి, లోపల మాల్ ఒకటి. డేటాషీట్ ఉండదు, ఉంటే అది వేరే డ్రైవర్‌ది. రీకోన్ చేసినవైతే (కోన్ మార్చినవి) ఇంకా ఘోరం, కోన్ ఒకచోటిది, స్పైడర్ (కోన్‌ని పట్టి ఉంచే ముడతల గుడ్డ) ఒకచోటిది, పాత నంబర్లు ఎందుకూ పనికిరావు. అందుకని అందరం ఏం చేస్తామంటే పాత బాక్సు కొలత టేపుతో కొలిచి ప్లై కోసేస్తాం. పోర్ట్ (బాక్సుకి పెట్టే గాలి గొట్టం) కూడా అంతే. కొన్ని బాక్సులు అదిరిపోతయ్, కొన్ని ఉత్త డబ్బాలు, ఎందుకో ఎవరికీ తెల్వదు.

నాకు గ్రాఫులు వద్దు. డ్రైవర్ పెడితే ఎఫ్ఎస్ (డ్రైవర్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ ఊగుడు ఎంత అదుపులో ఉందో), వాస్ (సస్పెన్షన్ ఎంత మెత్తగా ఉందో లీటర్లలో చెప్పేది), ఈ మూడు చెప్పి, ఇన్ని లీటర్ల బాక్సు, ఇంత పోర్ట్ అని తెలుగులో చూపిస్తే చాలు. ఫోన్‌లో వస్తే ఇంకా మంచిది, నా దగ్గర ల్యాప్‌టాప్ లేదు. పైసలు తీసుకున్నా ఇస్తా, మీరు ఊరికే ఇస్తానంటున్నారు.

లైసెన్స్ లొల్లి:

టెక్నికల్ సంగతులు పెద్దలు చెప్పారు, నేను ఎవరికీ నచ్చని విషయం చెప్తా. నువ్వు ఐటీ ఉద్యోగివి కదా, ఆఫర్ లెటర్‌తో పాటు సంతకం పెట్టిన కాగితాలు ఒకసారి తీసి చదువు. ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ ఏదైనా, ఇంట్లో కూర్చుని రాసినా, కంపెనీదే అనే క్లాజ్ చాలా చోట్ల ఉంటుంది. అది ఉంటే మొదటి కమిట్‌కి (కోడ్‌ని రిపాజిటరీలో చేర్చడానికి) ముందే మేనేజర్‌తో, హెచ్‌ఆర్‌తో మెయిల్ మీద అనుమతి తీసుకో, నోటిమాట కాదు. ఆఫీస్ ల్యాప్‌టాప్ ముట్టుకోకు. పది మంది చేరాక కోడ్ ఎవరిదన్న తగువు వస్తే ప్రాజెక్టే ఆగిపోతుంది.

రెండోది, లైబ్రరీలు చూసి ఎంచుకో. ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ (శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే ఎఫ్ఎఫ్‌టీ లెక్క లైబ్రరీ) జీపీఎల్ కింద ఉంది, నీదీ జీపీఎల్ అయితే గొడవ లేదు. కానీ కొలత లెక్కల భాగాన్ని విడి లైబ్రరీగా బీఎస్‌డీ లాంటి షరతులు తక్కువున్న లైసెన్స్ కింద ఇస్తే వేరేవాళ్లు కూడా వాడతారు, అప్పుడు నంపై వెంట వచ్చే ఎఫ్ఎఫ్‌టీ చాలు. స్క్రీన్ కట్టే లైబ్రరీల్లో పైసైడ్ ఎల్‌జీపీఎల్ (జీపీఎల్ కంటే సడలింపు ఉన్నది), పైక్యూటీ జీపీఎల్, ఈ తేడా తెలియక చివర్లో అంతా తిరగరాసినవాళ్లు ఉన్నారు. మేస్త్రీ గారు తెలుగు అడిగారు కాబట్టి, స్క్రీన్ మీద కనిపించే మాటలన్నీ మొదటి రోజు నుంచే విడి ఫైల్లో పెట్టు. తర్వాత తెలుగు చేసే పనికి ఇక్కడి స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లని అడగొచ్చు, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడం వాళ్లకి కొత్త కాదు.

మియాపూర్ కోడర్:

అందరికీ థ్యాంక్స్. ఆఫర్ లెటర్ తీసి చూశా, ఆ క్లాజ్ నిజంగానే ఉంది. రేపే మెయిల్ పెడతా.

మేస్త్రీ అన్న చెప్పింది చదివాక ఇంపెడెన్స్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర డ్రైవర్ చూపే నిరోధం) కొలతతోనే మొదలుపెడదామనిపిస్తోంది, అన్న అడిగిన నంబర్లు దాన్నుంచే వస్తాయి. మైక్ అక్కర్లేదు, గది గోల లేదు, ఫ్యాన్ కూడా తిరగొచ్చు. హార్న్ సంగతి వదిలేశా. అయితే ఇది ఫోన్‌లో కుదురుతుందా? మామూలు వైర్లతో ఎంత కచ్చితంగా వస్తుంది? నేను రాసిన లెక్క కరెక్టేనని ఎలా తేల్చుకోవాలి?

48 వోల్ట్ హిమాయత్:

ఫ్యాన్ దూరంగా తిరగనీ, గాలి కోన్ మీద కొడితే కోన్ కదిలి అదీ వోల్టేజీగా కనిపిస్తుంది.

సర్క్యూట్ సులువు. హెడ్‌ఫోన్ అవుట్ నుంచి 100 ఓమ్ రెసిస్టర్ గుండా డ్రైవర్‌కి. ఒక ఇన్‌పుట్ రెసిస్టర్‌కి ముందు, రెండోది డ్రైవర్ టెర్మినల్స్ మీద. డ్రైవర్ మీది వోల్టేజీని రెసిస్టర్ మీద పడిన వోల్టేజీతో భాగించి 100తో గుణిస్తే ఇంపెడెన్స్, ఫేజ్‌తో సహా. లైన్ అవుట్ వాడకు, దానికి డ్రైవర్‌ని లాగే సత్తా ఉండదు. రెండు ఇన్‌పుట్లు కావాలి కాబట్టి ఫోన్ ఇయర్‌ఫోన్ జాక్‌తో పని జరగదు, అందులో మైక్ ఒకటే. ఓటీజీ కేబుల్‌తో యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ పెడితే కుదరొచ్చు. ఆండ్రాయిడ్ 7 నుంచి ప్రాసెసింగ్ లేని ఆడియో ఇన్‌పుట్ అడిగే సౌకర్యం ఉంది, అది అన్ని ఫోన్లూ ఇస్తాయని రాసివ్వను. అందుకే ముందు ల్యాప్‌టాప్ మీద కమాండ్ లైన్‌లో నడిచేది రాయి. లెక్క సరిగ్గా ఉంటే స్క్రీన్ ఎవరైనా కట్టిస్తారు.

వాస్‌కి బరువు పద్ధతి. పిల్లలు ఆడుకునే క్లే ముద్ద నగల త్రాసు మీద తూచి, డస్ట్ క్యాప్ చుట్టూ సమంగా అంటించి మళ్లీ కొలువు. ఎఫ్ఎస్ 40 నుంచి 32కి దిగిందనుకో, పెట్టింది 50 గ్రాములనుకో. 40ని 32తో భాగించి వర్గం చేస్తే 1.5625, అందులో ఒకటి తీసేసి 50ని దానితో భాగిస్తే కదిలే భాగం బరువు 89 గ్రాములు, దీన్నీ ఎఫ్ఎస్‌నీ కోన్ వైశాల్యాన్నీ కలిపితే వాస్ వస్తుంది. ఎఫ్ఎస్ కనీసం 20 శాతం దిగేంత బరువు పెట్టాలి, లేకపోతే చిన్న తప్పు పెద్దదై కూర్చుంటుంది. మేస్త్రీ గారూ, డ్రైవర్‌ని బల్ల మీద వదులుగా పెట్టకండి, నిలబెట్టి క్లాంప్‌తో బిగించండి.

ఇంకో మాట, కోడ్‌లో గాలి సాంద్రత 1.2, శబ్దవేగం 343 అని రాసి పారెయ్యకు. 40 డిగ్రీల ఎండలో వేగం 355 దాకా పోతుంది, మైక్ దూరం లెక్క మారిపోతుంది. వాస్ గాలి పీడనం మీద ఆధారపడుతుంది. మన హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి సముద్రతీరంతో పోలిస్తే అదే డ్రైవర్‌కి వాస్ 5, 6 శాతం తక్కువ వస్తుంది. వైజాగ్‌లో కొలిచినవాడూ నువ్వూ ఎవరి లెక్క తప్పని కొట్టుకోకుండా, ఊరి ఎత్తు, ఉష్ణోగ్రత అడిగి ఫైల్లోనే రాసిపెట్టు. ముడి రికార్డింగ్ కూడా దాచు. ఎఫ్ఆర్‌డీ (రెస్పాన్స్), జెడ్ఎంఏ (ఇంపెడెన్స్) ఫైళ్లలో ఫ్రీక్వెన్సీ, లెవెల్ లేదా ఇంపెడెన్స్, ఫేజ్ తప్ప ఇంకేం ఉండవు, కోణం ఏంటో ఫైల్ పేరు చూసి ఊహించుకోవాల్సిన ఖర్మ. రేపు సీటీఏ-2034 (స్పీకర్ కొలతల ప్రమాణం) ప్రకారం 10 డిగ్రీలకొకటి చొప్పున 70 కొలతలు తీసేటప్పుడు ఇది లేకపోతే ఏది ఏదో తెలియదు.

లెక్క కరెక్టో కాదో తేల్చడానికి డ్రైవర్ అక్కర్లేదు. ఒక శాతం టాలరెన్స్ ఉన్న 10 ఓమ్ రెసిస్టర్ పెట్టి కొలువు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా గీత బల్లపరుపుగా 10 మీద, ఫేజ్ సున్నా మీద ఉండాలి. తర్వాత ఒక రెసిస్టర్, ఒక కాయిల్, ఒక కెపాసిటర్ సమాంతరంగా కలిపితే డ్రైవర్ రెజొనెన్స్ లాంటి గుట్టే వస్తుంది, దాని జవాబు కాగితం మీద ముందే తెలుసు. ఇంటర్‌ఫేస్ లేకుండా కూడా అదే సర్క్యూట్‌ని కోడ్‌లో పెట్టి, నాయిస్ కలిపి, నీ ఫంక్షన్‌కి ఇచ్చి చూడు. ఈ టెస్టులు ప్రతి కమిట్‌కీ వాటంతటవే నడవాలి. క్లిప్పులదీ వైరుదీ కలిపి నిరోధం అర ఓమ్ ఉంటుంది కొన్నిసార్లు, 4 ఓమ్ డ్రైవర్‌కి అది చిన్నదేం కాదు. రెండు క్లిప్పులూ ఒకదానికొకటి తగిలించి కొలిచి, వచ్చినది తీసెయ్యమని సాఫ్ట్‌వేరే ముందు అడగాలి.

బాక్సుల మేస్త్రీ:

క్లాంప్ ఉంది, నగల త్రాసు మా ఇంటిపక్క షాపులో ఉంది. రీకోన్ చేసిన 15 అంగుళాలవి నాలుగు పడున్నయ్, వర్షాకాలం లోపు ఏదైనా రెడీ అయితే చెప్పు తమ్మీ, తీసుకొస్తా. ఇంటర్‌ఫేస్ నువ్వు తెచ్చుకో.