చిన్న దొంగతనానికి ప్రొబేషన్: శిక్షా, మినహాయింపా?

కొట్టు మనిషి:
మా కిరాణా కొట్టు బయట పేర్చిన నూనె డబ్బాలు రెండు ఎత్తుకుపోయిన 20 ఏళ్ల కుర్రవాణ్ణి కోర్టు దోషిగా తేల్చి కూడా జైలుకు పంపలేదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద సత్ప్రవర్తన బాండు రాయించుకొని, ఏడాదిపాటు ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉండమని ఇంటికి పంపింది. షరతు తప్పితే జరిమానా 50 రూపాయలకు మించదట. దీన్ని శిక్ష అనవచ్చునా?

విశ్రాంత గుమాస్తా:
ఆ 50 రూపాయలు మొదటిసారి తప్పినప్పటి మాట. ఆ జరిమానా చెప్పే 9వ సెక్షన్ కిందనే అసలు నేరానికే శిక్ష వేసే అధికారం కోర్టుకు ఉంది. పైగా 21 ఏళ్లు నిండనివారిని, నేరం జీవిత ఖైదు పడేది కానప్పుడు, కారణాలు రాయకుండా జైలుకు పంపరాదని 6వ సెక్షన్ చెబుతోంది.

కొట్టు మనిషి:
మొదటిసారికి 50 రూపాయలే కదా? నేను అన్నదీ అదే.

వంశధార:
మా తమ్ముడు 19వ ఏట సెల్‌ఫోను దొంగతనం కేసులో ఇలాంటి ఉత్తర్వు మీదనే బయటపడ్డాడు. నెలనెలా కూలి మానుకొని, రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వెళ్లేవాడు. అధికారి మరో పని మీద వెళ్లి ఉంటే సాయంత్రం దాకా వరండాలో బల్ల మీద కూర్చోవలసిందే. ఆయన వచ్చాక ‘పనికి వెళుతున్నావా, తాగుతున్నావా’ అని రెండు ప్రశ్నలు, రిజిస్టరులో ఒక సంతకం. దోషిగా తేలడం వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదని 12వ సెక్షన్ అంటున్నా, కాపలా ఉద్యోగానికి వెళితే పాత కేసు చూసి దరఖాస్తు తిప్పి పంపారు. ఇది శిక్ష కాదంటారా?

పొలిమేర:
కొత్త చట్టంలో సమాజ సేవ ఉందిగా, కొట్టు ముందు ఊడిపించండి.

వంశధార:
పిల్లవాడి చేత వీధి ఊడిపిస్తే మీ కడుపు చల్లబడుతుందా?

కొట్టు మనిషి:
అమ్మా, మీ తమ్ముడు ఎవరి ఫోను తీశాడో వారిని మీరెప్పుడైనా పలకరించారా? ఊడ్పు నేను అడగలేదు. కోర్టుకు నివేదిక రాయడానికి ప్రొబేషన్ అధికారి ఆ కుర్రవాడి ఇంటికి వెళ్లారు, తల్లి సంపాదన అడిగారు, ఇరుగుపొరుగును విచారించారు. ఆ ఇంటికీ మా కొట్టుకూ మధ్య ఉన్నది ఒక్క రోడ్డు. అది దాటి వచ్చి నన్ను ఒక్క మాట అడిగినవారు లేరు.

విశ్రాంత గుమాస్తా:
ఇది మొదటే చెప్పి ఉంటే 50 రూపాయల గొడవ ఉండేది కాదు. నష్టపరిహారం ఇప్పించడానికి 5వ సెక్షన్ ఉంది, కాని అది కోర్టు ఇష్టానికి వదిలిన అధికారం. ఎవరూ అడగకపోతే అలాగే ఉండిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త నేర చట్టం భారతీయ న్యాయ సంహితలో, 5,000 రూపాయల లోపు దొంగతనానికి మొదటిసారి దొరికినవారికి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చాకే సమాజ సేవ వేస్తారు. మీ కేసు అంతకు ముందుదా?

కొట్టు మనిషి:
ముందుదే.

వంశధార:
మా తమ్ముడు డబ్బు పట్టుకొని ఫోను యజమాని ఇంటికి బయలుదేరితే, మళ్లీ గొడవవుతుందని మా పెద్దలే ఆపారు. ఆపకుండా ఉండవలసిందేమో. కాని ఆ పని చేయించవలసింది అధికారి కాదా?

కొట్టు మనిషి:
ఆ కుర్రవాడు ఇప్పటికీ మా కొట్టు ముందు నుంచి నడవడు, పక్క సందులోంచి తిరిగి వెళతాడు.