వెబ్ సర్వీసులు నేర్పేటప్పుడు ముందు ఏది: ఫ్రేమ్‌వర్కా, స్టాండర్డా?

ల్యాబ్_ట్రైనర్:
కొత్తగా చేరిన డెవలపర్లకు వెబ్ సర్వీసులు నేర్పడం నా పని. సిలబస్ మార్చే విషయంలో మా టీమ్‌లో వాదన నడుస్తోంది. మొదటి రోజే ఫ్రేమ్‌వర్క్ (ముందే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం) చేతికిచ్చి నాలుగు ఎండ్‌పాయింట్లు (సర్వీసుని పిలిచే చిరునామాలు) రాయిద్దాం, స్టాండర్డ్స్ సంగతి తర్వాత చూద్దాం అని కొందరంటారు. వేరేవాళ్ల సిస్టమ్‌తో మాట్లాడే సర్వీసు కావాలంటే హెచ్‌టీటీపీ (వెబ్‌లో సందేశాలు పంపుకునే పద్ధతి), జేసన్ (డేటా రాసే ఫార్మాట్) నియమాలే ముందు రావాలని నేనంటాను. ఇప్పటి పద్ధతిలో ఎవరి సర్వీసు వాళ్ల ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది. పక్కవాళ్ల క్లయింట్ (సర్వీసుని పిలిచే ప్రోగ్రామ్) తగిలించగానే ఎవరికి వారే యమునా తీరే. మీరేమంటారు?

కోడ్_ముందు:
స్పెసిఫికేషన్‌తో మొదలుపెడితే సగం మంది మనసు క్లాసులో ఉండదండీ. హెచ్‌టీటీపీ అర్థాలు చెప్పే ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుస) 9110 ఒక్కటే దాదాపు 200 పేజీలు. ఏ ఇబ్బంది వల్ల ఆ నియమం పుట్టిందో తెలియకుండా చదవడం నేల విడిచి సాము చేయడమే. ముందు పనిచేసే సర్వీసు ఒకటి రాయనివ్వండి. పైగా ఇప్పుడు ఓపెన్‌ఏపీఐ ఫైల్ (సర్వీసు ఏం తీసుకుని ఏం ఇస్తుందో రాసిన వివరణ) ఉంటే క్లయింట్ కోడ్‌ని టూలే తయారుచేసి ఇస్తుంది. ప్రతి హెడర్ గురించీ అందరూ తెలుసుకుని తీరాలా?

పాత_ఇంటిగ్రేటర్:
టూల్ చూసుకుంటుందన్న మాట సోప్ (ఎక్స్‌ఎంఎల్‌తో నడిచే పాత వెబ్ సర్వీసు పద్ధతి) కాలంలోనూ విన్నాం. డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైల్ (సోప్ సర్వీసు వివరణ) ఇస్తే చాలు, మిగతాదంతా టూల్‌కిట్ పని అన్నారు. అటు జావా, ఇటు డాట్‌నెట్. రెండూ స్పెసిఫికేషన్ ప్రకారమే ఉన్నా ఒకరు పంపింది ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. ఒకే పనికి స్పెసిఫికేషన్ చాలా దారులు వదిలింది మరి: ఆర్‌పీసీ స్టైల్, డాక్యుమెంట్ స్టైల్, మళ్లీ వాటిలో ఎన్‌కోడెడ్, లిటరల్. ఈ చిక్కు విప్పడానికే 2002లో డబ్ల్యూఎస్-ఐ అనే పరిశ్రమ సంస్థ ఏర్పడింది. 2004లో వాళ్లు బేసిక్ ప్రొఫైల్ 1.0 ఇచ్చారు. అది చేసిన ముఖ్యమైన పని ఉన్న దారుల్లో కొన్నిటిని మూసేయడం. సోప్ ఎన్‌కోడింగ్, అంటే ఆ ఎన్‌కోడెడ్ దారి, వాడొద్దని తేల్చి చెప్పింది.

అందుకే ట్రైనర్ గారూ, స్పెసిఫికేషన్ చదివించినంత మాత్రాన సరిపోదు. అది ఎక్కడెక్కడ వదులుగా ఉందో చూపించాలి. జేసన్‌నే తీసుకోండి. 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8259 వ్యాకరణంలో సంఖ్య సైజుకి హద్దు లేదు. జావాలో లాంగ్‌గా (పెద్ద పూర్ణాంకంగా) ఉన్న 9007199254740993ని సంఖ్యగా పంపి, జావాస్క్రిప్ట్‌లో మామూలుగా పార్స్ చేయించండి (చదివించండి). అంత పెద్ద సంఖ్యని అది కచ్చితంగా దాచలేదు కాబట్టి చివర 3 పోయి 2 వస్తుంది. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు. ఆ ఐడీతో ఇంకొకరి రికార్డు తెరుచుకుంటే దానికి ఎవరు జవాబు చెప్పాలి? 2010లో ట్విటర్ తన ఐడీలను స్ట్రింగ్‌గా కూడా పంపడం మొదలుపెట్టింది ఈ కారణంతోనే.

టెస్టర్_నేనే:
నా దగ్గరికి రోజూ వచ్చేవి ఇంతకన్నా చిన్నవి. స్టేటస్ 200 (అంతా సవ్యమని అర్థం), బాడీలో మాత్రం "ఫెయిల్". తేదీ 03/04/2024 అని ఉంటుంది, మార్చా ఏప్రిలా అన్నది చదివేవాళ్ల అదృష్టం. తేదీ ఎలా రాయాలో చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 3339 వచ్చింది 2002లో, ఇప్పటికీ ఇదే గోల. ఇంకా ఒక ఫీల్డ్ అసలు లేకపోవడం, నల్‌గా (విలువ లేదని) రావడం, ఖాళీ స్ట్రింగ్‌గా రావడం. మూడూ ఒకటేనని రాసినవాళ్లు అనుకుంటారు, అవతలి పార్సర్ అనుకోదు.

కోడ్_ముందు:
ఇంటిగ్రేటర్ గారి ఉదాహరణ నా వాదనకే బలం కదా. ఆ 3 ఎక్కడ పోయిందని గంటసేపు వెతికినవాళ్లకు ఆ నియమం ఒక్కసారి చెబితే జన్మలో మర్చిపోరు. అదే ముందు రోజు స్లైడ్‌లో చూపిస్తే నోట్సులో రాసుకుని వదిలేస్తారు.

ల్యాబ్_ట్రైనర్:
ఆ మాటకు ఒప్పుకుంటాను. కానీ ఒంటరిగా రాసే ప్రాజెక్టులో ఆ 3 ఎప్పటికీ పోదు. సర్వర్, క్లయింట్ రెండూ ఒకే మనిషి, ఒకే భాషలో రాస్తే తప్పు రెండు వైపులా సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు నేననుకుంటున్నది ఇది: క్లాసుని రెండు గుంపులు చేసి, ఒకే ఓపెన్‌ఏపీఐ కాంట్రాక్టు ఇస్తాను. ఒకరు జావాలో సర్వర్, ఇంకొకరు జావాస్క్రిప్ట్‌లో క్లయింట్ రాయాలి. కలిపి నడిపే దాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. కాంట్రాక్టులో పెద్ద ఐడీ, టైమ్‌జోన్ ఉన్న తేదీ, మధ్యలో కనెక్షన్ తెగిపోయే పోస్ట్ రిక్వెస్టు (కొత్త ఆర్డర్ పెట్టేలాంటిది) తప్పకుండా ఉంటాయి. పోస్ట్‌ని మళ్లీ పంపితే ఆర్డర్ రెండుసార్లు పడుతుందా లేదా అన్నది పుట్‌కీ (ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకటే) పోస్ట్‌కీ తేడా ఎవరికి తెలుసో బయటపెడుతుంది.

టెస్టర్_నేనే:
మాట్లాడొద్దనడం నాకు నచ్చలేదు. నిజం పనిలో అడిగి తెలుసుకోవడమే సగం నైపుణ్యం.

పాత_ఇంటిగ్రేటర్:
తెలియని క్లయింట్ మీ సర్వీసుని పిలిచేటప్పుడు అడగడానికి మీరు అక్కడ ఉండరు కదండీ. కాంట్రాక్టులో రాయనిది వాళ్లకు లేనట్టే. కాకపోతే కలిపి నడిపిన తర్వాత మాత్రం అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాలి. హెల్త్ డేటా స్టాండర్డ్ ఎఫ్‌హెచ్‌ఐఆర్ వాళ్ల కనెక్టథాన్లు అచ్చం ఇలాగే జరుగుతాయి: వేర్వేరు సంస్థల ఇంప్లిమెంటేషన్లను ఎదురెదురుగా పెట్టి నడిపి, తేలిన లోపాలను స్పెసిఫికేషన్‌లోకే తిరిగి పంపుతారు.

కోడ్_ముందు:
మరి క్లయింట్ తప్పు తేదీ పంపితే సర్వర్ సర్దుకుపోవాలా? "పంపేటప్పుడు కచ్చితంగా, తీసుకునేటప్పుడు ఉదారంగా" అని 1980లోనే ఇంటర్నెట్ తొలి నిర్మాతల్లో ఒకరైన పోస్టెల్ చెప్పిన సూత్రం ఉంది కదా.

పాత_ఇంటిగ్రేటర్:
ఉంది. దానివల్ల కాలక్రమేణా జరిగే నష్టం గురించి 2023లో ఆర్‌ఎఫ్‌సీ 9413 కూడా వచ్చింది. ఒక సర్వర్ తప్పుని మింగేస్తే ఆ క్లయింట్ ఎప్పటికీ బాగుపడదు, తర్వాత వచ్చే సర్వర్లన్నీ ఆ తప్పుని మోయాలి. ట్రైనింగ్‌లో అయితే 400 (రిక్వెస్టు తప్పని చెప్పే కోడ్) ఇవ్వమనే చెప్పండి. ఏ ఫీల్డ్ తప్పో, ఏ ఫార్మాట్ కావాలో ఆ జవాబులోనే స్పష్టంగా రాయించండి. దానికీ ఆర్‌ఎఫ్‌సీ 9457 ఉంది, చిన్నదే, ఒక పూటలో చదివించొచ్చు.

ల్యాబ్_ట్రైనర్:
అయితే క్రమం ఇలా పెడుతున్నాను: మొదట చిన్న సర్వీసు, వెంటనే గుంపుల ల్యాబ్, ఎక్కడ విరిగితే అక్కడి స్పెసిఫికేషన్ భాగం అప్పుడే చదవడం. మార్కులు మాత్రం తన క్లయింట్‌తో నడిచినందుకు ఇవ్వను. అవతలి గుంపు క్లయింట్ ఏ మార్పూ లేకుండా నడిస్తేనే సర్వర్ రాసినవాళ్లకు మార్కులు.

కోడ్_ముందు:
క్లయింట్ గుంపు కాంట్రాక్టుని తప్పుగా చదివితే సర్వర్ వాళ్లకు అన్యాయం జరుగుతుంది. తప్పు ఎవరిదో తేల్చడానికి, కాంట్రాక్టు నుంచి టెస్టులు రాసే మూడో గుంపు కూడా పెట్టండి.