షుగర్, బీపీ ఉన్నవాళ్లతో వ్యాయామం చేయించడం ట్రైనర్లకు ఎక్కడ నేర్పించాలి?

ఖమ్మంలో జిమ్ నడుపుతున్నాను, ముగ్గురు ట్రైనర్లు. పొద్దున 6 గంటల బ్యాచ్‌లో సగం మంది షుగర్‌కో బీపీకో మందులు వాడేవాళ్లే.

పోయిన నెల ఒకాయన షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, టిఫిన్ తినకుండా వచ్చారు. 25 నిమిషాలకు చెమటలు, చేతుల వణుకు. మా కుర్రాడు అలసట అనుకుని మంచినీళ్లిచ్చాడు. నేను గ్లూకోమీటర్ పెడితే షుగర్ 58కి పడిపోయి ఉంది. గ్లూకోజ్ కలిపి తాగించాను, 15 నిమిషాలకు 84కి వచ్చింది. ఆ వణికే చేతులు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

చేరేటప్పుడు ఆరోగ్య ఫారం నింపిస్తున్నాం. మందు పేరు దగ్గర 'షుగర్ బిళ్ల' అని రాసి వదిలేస్తారు. ముగ్గురితోనూ ఆన్‌లైన్ కోర్సు చేయించాను, అంతా ఇంగ్లీషు. సర్టిఫికెట్లయితే వచ్చాయి. కానీ బీపీకి ఇచ్చే మెటోప్రొలాల్ మాత్ర వాడేవాళ్లకు గుండె వేగం మామూలుగా పెరగదు, వాచీలో అంకె కాదు, ఆయాసం లేకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నది చూడాలి అని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ వాచీయే చూస్తున్నారు. ఒక ఫిజియోథెరపిస్టుతో రెండు ఆదివారాలు క్లాసు పెట్టించాను. స్లైడ్లతోనే సరిపోయింది.

హైదరాబాద్, వరంగల్, విజయవాడల్లో ఎక్కడైనా, నిజమైన పేషెంట్ల దగ్గర నిలబెట్టి తెలుగులో నేర్పే శిక్షణ మీలో ఎవరైనా తీసుకున్నారా, ఎక్కడ?